చిన్నబోయిన అక్షరాలు

"నాకు గొడవ కావాలి."

మా బావ ఈ ముక్క అనేసి పోయిన వారం మిమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టేశాడు. మీకు ఏడు రోజులు గడిచాయి గానీ, మా కొట్లో ఇంకా ఏడు నిమిషాలు కూడా కాలేదు. ఆయన స్టూలు మీద అలాగే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా లైబ్రరీ కోసం రాసిన బోర్డు రంగు ఆరి, తీసుకెళ్లేవాళ్ల కోసం ఎదురు చూస్తోంది. వెనక గదిలో రంగు డబ్బాకి మూత పెడుతున్న మా అక్క చెయ్యి ఆ మూత మీదే ఆగిపోయింది. గుమ్మంలో నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. నా నోరు తెరుచుకుని ఉండటం కొత్తేం కాదు. అందులోంచి శబ్దం రాకపోవడం మాత్రం అదే మొదటిసారి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం కాస్త వెనక్కి జరుగుతాను.

మా బావ బోర్డులు రాస్తాడు. ఈ వీధిలో మందుల షాపు నుంచి డ్రైవింగ్ స్కూలు దాకా, తలెత్తితే కనిపించేవన్నీ ముప్పై రెండేళ్లుగా ఆయన అక్షరాలే. కంప్యూటర్లో కోసి అతికించే బోర్డులొచ్చాక సగం పని పోయింది. "అతుకుల బతుకు నాకొద్దురా" అని ఆయన మిగిలిన సగంతోనే సరిపెట్టుకున్నాడు. మూడేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరమ్మ చూసి పార్కిన్సన్స్ అంది. వణుకు అందులో ఒక ముక్కేనట. నడక నెమ్మదిస్తుంది, మొహం బిగుసుకుంటుంది, గొంతు లోపలికి పోతుంది, ముక్కుకి వాసన తెలియకుండా పోతుంది, రాత చిన్నదైపోతుంది. కుంచె పట్టుకుని బతికే మనిషికి కుంచించుకుపోయే జబ్బు రావడమేమిటో! మొదటి అక్షరం జానెడుంటే చివరి అక్షరం బెత్తెడు. దగ్గర కూర్చుంటే తెలిసేది కాదు. వీధి దాటి అవతలి నుంచి చూస్తే బోర్డు మొత్తం ఒక పక్కకి నీరసించిపోయినట్టుండేది. అక్షరాలూ చిన్నబోయాయి, ఆయనా చిన్నబోయాడు.

మా కొట్టుకో పద్ధతి ఉంది. బోర్డు మీద అక్షరాలు సమంగా నిలబడటానికి ముందు సుద్ద దారంతో గీతలు కొడతాం. ఆ గీతల్ని మేము చెరపం. బోర్డు తీసుకెళ్లడానికి మనిషి వచ్చాక, వాళ్ల కళ్ల ముందే పొడిగుడ్డతో చెరుపుతాడు బావ. ఊతకర్రలు తీసేసినట్టు అక్షరాలు వాటంతట అవే నిలబడతాయి. అప్పుడు కింది మూలన కుంచెతో ఒక్క విదుపు విదుపుతాడు. వాలబోతున్న పిట్టలా ఉంటుంది ఆ గుర్తు. రాసినవాడే పిట్ట పెట్టాలి, పిట్ట లేని బోర్డు మా గుమ్మం దాటకూడదు. ఆయన పెట్టుకున్న రూలు ఇదొక్కటే.

ఇక మా అక్కా నేనూ చేసిన ఘనకార్యం చెప్పాలి. వారానికి మూడు మధ్యాహ్నాలు బావ వ్యాయామం క్లాసుకి వెళ్తాడు. అక్కడ ఆయనలాంటివాళ్లు పదకొండు మంది. టీచరమ్మ వాళ్ల చేత చేతులు బార్లా చాపిస్తుంది, పెద్ద పెద్ద అంగలు వేయిస్తుంది, కడుపులోంచి "ఆ..." అని అరిపిస్తుంది. బావ అటు వెళ్లగానే అక్క ఇటు కళ్లజోడు తగిలించుకుని బోర్డు ముందు కూర్చుంటుంది. ఆయన గీసిన అక్షరాలకి లోపల రంగు నింపేది పాతికేళ్లుగా ఆవిడే. ప్రతి ఒంపూ చేతికి తెలుసు. తగ్గిపోయిన అక్షరం మీదే మళ్లీ రాసి జానెడుకి జానెడు పెంచేస్తుంది. నేను వీధి చివర కాపలా. బావ మలుపు తిరగ్గానే నేను దగ్గాలి. ఎనిమిది నెలలుగా దగ్గుతున్నాను. మందుల షాపాయన జాలిపడి ఊరికే దగ్గుబిళ్లలు చేతిలో పెడుతున్నాడు.

కాబట్టి "గొడవ కావాలి" అని చెవిన పడగానే మా ఇద్దరికీ ఒకటే తట్టింది. దొరికిపోయాం.

అక్క చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. "ఏవండీ, ఏం కావాలన్నారు?"

బావ పెదాలు కదిలాయి. సెల్లు అయిపోయిన రేడియోలా ఉంటుంది ఇప్పుడు ఆయన గొంతు. అక్కకి మళ్లీ అదే వినిపించినట్టుంది.

"గొడవ కావాలా? ముప్పై ఏళ్ల కాపురంలో సరిపడా పెట్టలేదా నేను?" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు మొహానికి సరిగ్గా అంటుకోలేదు.

బావ చెయ్యి ఊపాడు. ఆ వణుకులో 'అవును' ఏదో 'కాదు' ఏదో మాకు తెలియలేదు.

ఇలాంటప్పుడు తెలివైనవాడు నోరు మూసుకుంటాడు. నన్ను మాత్రం వీధి వీధంతా 'మైకు' అని పిలుస్తుంది.

"బావా! తప్పు నాది!" అని అందుకున్నాను. "అక్కని ఏమీ అనకు. తను వద్దు వద్దంటుంటే నేనే కూర్చోబెట్టాను. నువ్వు క్లాసుకెళ్లినప్పుడల్లా నీ అక్షరాల మీద అక్క రాస్తోంది. ఇదీ కలిపి మొత్తం ముప్పై ఎనిమిది బోర్డులు. నా దగ్గు దగ్గు కాదు. తప్పు నాది!"

అక్క నా వైపు చూసిన చూపుకి రంగు డబ్బాలన్నీ వాటంతటవే మూతలు బిగించుకుని ఉంటాయి.

బావ వింటూ కూర్చున్నాడు. మొహంలో ఏమీ కదల్లేదు. ఈ జబ్బులో అదో బాధ. మనిషి లోపలే ఉంటాడు, తలుపు మాత్రం మూసి ఉంటుంది. ఎన్నిసార్లు తట్టాలో తెలియదు.

నా ఊపిరి అయిపోయాక ఆయన ఊపిరి తీసుకున్నాడు. క్లాసులో నేర్పినట్టు కడుపులోంచి ఒక్క మాట బయటికి తీశాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?" అంది అక్క.

"అంతా."

"ఎప్పట్నుంచి?"

"మొదటి బోర్డు నుంచి."

అక్క పక్కనున్న డబ్బా మీద కూర్చుండిపోయింది. బావ వేలెత్తి లైబ్రరీ బోర్డుని చూపించాడు. "తోకలు చూడు. కుంచె ఎత్తేచోట నా రంగు కుడికి లేస్తుంది. నీది ఎడమకి. నీది ఎడమ చేతివాటం."

చేతివాటం అనగానే నా బుర్రలో ఇంకో చేతివాటం మెదిలింది. టర్పెంటాయిల్! రంగు పల్చన చేయడానికి వాడే ఆ నూనె ఎనిమిది నెలలుగా డబ్బాలకి డబ్బాలు ఖాళీ అయిపోతోంది. పక్కనున్న సైకిల్ షాపాయన ఎత్తుకుపోతున్నాడని నేను ఆయనతో మాట్లాడటం కూడా మానేశాను. పైగా పొద్దున్నే కొట్టు తలుపు తీస్తే ముక్కులదిరే కంపు.

"మరి టర్పెంటాయిల్ ఎవరు వాడేస్తున్నారు బావా?"

ఆయన తల దించుకున్నాడు. "నేనే."

ఆ తర్వాత ఆయన చెప్పింది ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. మధ్యమధ్యలో ఆగాడు. మేము ఒంగి, చెవి దగ్గర పెట్టి విన్నాం.

"రంగు చిక్కగా ఉంటే మధ్యాహ్నానికి ఆరదు. పచ్చి మీద రాస్తే పైపూత ముడతలు పడుతుంది. పల్చగా కలిపితే తొందరగా ఆరిపోతుంది... మీ అక్క చేతికి సులువుగా ఉంటుందని. నేను రాసింది కింద కనిపించదు కూడా." నా వైపు చూశాడు. "కంపు కొట్టేదా?"

"వీధి మొగ దాకా కొట్టేది బావా."

"నాకు తెలియలేదురా" అన్నాడు.

ముక్కు పనిచెయ్యని మనిషి, ఆ నూనె ఎవరికీ తెలియకుండా పోస్తున్నాననుకుంటూ ఎనిమిది నెలలు గడిపాడు. దీనికి నేనేదో ఒక చమత్కారం అనాలి, అది నా వృత్తి. కానీ నాకు కనిపించింది ఒక్కటే. వీధిలో ముప్పై ఏడు బోర్డులు, వాటి కింద ఎవరికీ కనిపించకుండా ముప్పై ఏడు చిన్న రాతలు.

అక్కకి కోపమే వచ్చింది.

"అంటే పొద్దున్నే లేచి, మాత్ర పనిచేసే వేళ చూసుకుని, రెండేసి గంటలు నడుం పట్టేసేలా కూర్చుని మీరు రాసేది... నేను చెరిపేయడానికా?"

"కప్పేయడానికి."

"నాతో చెప్పొచ్చు కదండీ!"

"నువ్వూ చెప్పొచ్చు కదా."

"చెప్తే మీరు కుంచె పక్కన పడేస్తారని భయపడ్డాను."

"చెప్తే నువ్వు రాయడం మానేస్తావని నేను భయపడ్డాను" అన్నాడు బావ. "నా అక్షరాన్ని నా కళ్ల ముందు దిద్దవు నువ్వు. నాకు తెలుసు నీ సంగతి."

అక్క మోచేత్తో కళ్లు తుడుచుకుంది. చేతులకి రంగుంది మరి. తుడుచుకున్నకొద్దీ నీళ్లు వస్తూనే ఉన్నాయి. బావ లేచి ఆవిడ దగ్గరికి వెళ్లాలనుకున్నాడు గానీ స్టూలు మీంచి లేవడమే ఒక పని ఆయనకి. రెండుసార్లు ముందుకి ఊగి మళ్లీ కూర్చుండిపోయాడు.

"నాకు సిగ్గనిపించింది చిన్నగా రాసినందుకు కాదు" అన్నాడు కూర్చున్నచోటి నుంచే. "ముప్పై ఏడుసార్లు నీ రాతకి నా పిట్ట పెట్టాను. వచ్చినవాళ్లు బాగుందన్నారు, తలూపాను. ముప్పై ఎనిమిదో బోర్డుకి పెట్టను. ఇవాళ నువ్వు పెట్టు."

అక్క చటుక్కున తలెత్తింది. "నేను పెట్టను."

"రాసింది నువ్వు."

"ఎవరు రాస్తే ఏంటండీ! నేను పిట్ట పెట్టిన రోజు మీరు మానేసినట్టే. అలాంటి రోజు నాకొద్దు. పిట్ట లేకుండానే పోనీండి బోర్డు."

"పిట్ట లేకుండా పోదు."

"అయితే ఇక్కడే ఉంటుంది. మీరూ నేనూ అదీ ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుంటూ కూర్చుందాం."

సరిగ్గా అప్పుడు నా జేబులో ఫోను అలారం అరిచింది. అప్పటికే ఒకసారి అరిచిందట. నా గొంతులో నాకే వినపడలేదు. మాత్ర వేళ దాటి ఇరవై నిమిషాలు. "పద్యంలో మాత్ర తప్పినా పర్లేదు, పొట్టలో మాత్ర తప్పకూడదు బావా" అని రోజుకి ఐదుసార్లు అనేవాణ్ణి నేనే. నా ఉపన్యాసమే ఆ వేళని తినేసింది. డాక్టరమ్మ వందసార్లు చెప్పింది, ఈ మందు గడియారం చూసి వేయాలి, ఆకలి చూసి కాదు అని.

అక్క ఏడుస్తూనే లేచింది. ఏడుస్తూనే మాత్ర తీసింది, గ్లాసులో నీళ్లు పోసింది, ఆయన మింగేదాకా గడ్డం కింద చెయ్యి పట్టుకుంది. పోట్లాట ఆగలేదు, పని కూడా ఆగలేదు. కాసేపాగి నేను బావ చంకలో చెయ్యి వేసి లేపాను.

"వెనక్కి" అన్నాడు బావ. వెనక దొడ్డిలోకి తీసుకెళ్లమని.

నాలుగు అడుగులు బాగానే పడ్డాయి. రెండు గదుల మధ్య గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. మనిషి ముందుకి వంగుతున్నాడు, పాదాలు మాత్రం రానంటున్నాయి. దీన్ని నేను 'పార్కింగ్' అంటాను. రోజూ అంటాను, ఆయన రోజూ నవ్వుతాడు. ఇవాళ అనలేదు. చెయ్యి పట్టి లాగబోయాను.

"లాగకు!" అంది అక్క. "పడిపోతారు. టీచరమ్మ ఏం చెప్పింది?"

క్లాసులో నేల మీద పట్టీలు అతికించి ఉంటాయట. గీత కనిపిస్తే దాన్ని దాటడానికి కాలు లేస్తుందట. మా కొట్లో పట్టీలు లేవు. అక్క చుట్టూ చూసి, మేకుకి వేలాడుతున్న సుద్ద దారం తీసింది.

"ఆ కొస పట్టుకో."

ఒంగి కూర్చున్నాం, నేనటు, ఆవిడిటు. అక్క దారాన్ని వేలితో పైకి లాగి వదిలింది. టప్. నల్లగచ్చు మీద తెల్లటి గీత. అడుగు దూరం జరిగాం. టప్. ఇంకో గీత. ముప్పై రెండేళ్లు అక్షరాల కోసం కొట్టిన దారం అది. రాసే మనిషి పాదాల ముందు పడటం అదే మొదలు. దొడ్డి దాకా ఏడు గీతలు కొట్టాం. అక్క మొహమంతా సుద్ద, ఆ సుద్దలో రెండు తడి చారలు.

"దాటండి" అంది. ఏ ఇంట్లోనైనా ఆడవాళ్లు మొగుణ్ణి గీత దాటొద్దంటారు. మా అక్క దాటమని బతిమాలుతోంది.

బావ మొదటి గీతని చూశాడు. కుడికాలు లేచింది. ఇసుకలోంచి మొక్క పీకినట్టు లేచింది, దాటింది. రెండోది. మూడోది. నాలుగో గీత దగ్గర ఆగి, "అక్షరాలు సమంగా పడుతున్నాయా?" అని అడిగాడు.

"తలకట్టొక్కటే తక్కువ బావా" అన్నాను ఆయన బట్టతల చూసి. ఆయన భుజాలు కదిలాయి. నవ్వాడన్నమాట.

ఏడో గీత దాటి దొడ్డి గోడ ముందు నిలబడ్డాడు. ముప్పై రెండేళ్లుగా మేము కుంచెలు విదిలించిన గోడ అది. ఎరుపు మీద నీలం, నీలం మీద పసుపు, దాని ఒరిజినల్ రంగేమిటో కట్టినవాడికి కూడా గుర్తుండదు. బావ దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏమిటండీ, గొడవా?" అని ముందు గదిలోంచి గొంతు. లైబ్రరీ మేడమ్, బోర్డు కోసం. "తప్పు నాది తప్పు నాది అని ఎవరో మైకులో అరిచినట్టు నా టేబుల్ దాకా వినిపించింది. లైబ్రరీలో చదువుకునేవాళ్లందరూ పుస్తకాలు మూసి విన్నారు." గీతల్ని తొక్కకుండా జాగ్రత్తగా అంగలు వేసుకుంటూ ఆవిడా దొడ్డిలోకి వచ్చింది. మా మొహాలు చూసి, నవ్వు సగంలో ఆపింది.

నేను బోర్డుని వెలుతురులోకి మోసుకొచ్చి నిలబెట్టాను. బావ పొడిగుడ్డ తీసుకున్నాడు. సుద్ద గీతల్ని చెరపడానికి ఆయనకి ఇదివరకు రెండు విసుర్లు చాలేవి. ఇవాళ చాలాసేపు పట్టింది. ఎవరూ అందుకోబోలేదు. చెరిపాక అక్షరాలు నిలబడ్డాయి. జానెడుకి జానెడు, మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడా నీరసం లేకుండా. తోకలన్నీ ఎడమకి లేచి ఉన్నాయి.

"ఎంత బాగా వచ్చిందండీ" అంది మేడమ్. "ఇక పిట్ట పెట్టండి. ఆ పిట్టని చూసే మీ దగ్గరికి వచ్చాను నేను."

బావ కుంచెని రంగులో ముంచాడు. ముంచి, అక్క వైపు చాపాడు.

అక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "వద్దండీ."

"తీసుకో."

"మీరు గొడవ కావాలన్నారు, పడ్డాను కదా! ఇంకెంత కావాలి?" అంది అక్క, వచ్చినావిడ ఉందని కూడా చూసుకోకుండా.

బావ కళ్లు మూసుకున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు. క్లాసులో అరిచే "ఆ..." మేమెప్పుడూ వినలేదు, ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"గోడ!"

పిట్టగోడ మీది పావురం ఎగిరిపోయింది. మేడమ్ ఒక అడుగు వెనక్కి వేసింది. మూడేళ్లలో మా బావ గొంతు అంత పెద్దగా రావడం మేము వినలేదు.

"గోడ అన్నాను. గొడవ అనలేదు. ఇందాకట్నుంచీ గోడ, గోడ అనే అంటున్నాను." మళ్లీ గాలి పీల్చాడు. "టీచరమ్మ చెప్పింది. కాగితం మీద రాసేకొద్దీ రాత చిన్నదవుతుందట. నిలబడి, గోడ మీద, భుజం నుంచి చెయ్యి మొత్తం తిప్పుతూ మూరెడేసి అక్షరాలు రోజూ రాయమంది. ఈ గోడకి సున్నం కొట్టించి నాకిమ్మని అడిగాను. అంతే."

మేడమ్ నావైపు చూసింది. అక్క నావైపు చూసింది. లేని ఒక 'వ' విని, ఉన్న గుట్టంతా ఊరికి వినిపించిన వాణ్ణి నేను. ముందు మేడమ్ నవ్వింది. తర్వాత అక్క, ముక్కు ఎగబీలుస్తూ. నేను దగ్గాను. ఈసారి నిజం దగ్గే వచ్చింది.

బావ నవ్వలేదు. చాపిన చెయ్యి దించలేదు. కుంచె కొన నుంచి ఒక చుక్క గచ్చు మీద పడింది.

"గోడ నాకు" అన్నాడు. గొంతు మళ్లీ తగ్గిపోయింది, కానీ ఈసారి అందరం సరిగ్గానే విన్నాం. "బోర్డు నీకు."

అక్క నవ్వు ఆగిపోయింది. మేడమ్‌కి సంగతి అర్థమైందనుకుంటాను, మెల్లగా తల తిప్పుకుని ఆ రంగురంగుల గోడని చూస్తూ నిలబడింది.

అక్క ఎడమచెయ్యి ముందుకి వచ్చింది. కుంచె అందుకుంది. బోర్డు ముందు మోకాళ్ల మీద కూర్చుని కింది మూలకి వంగింది. ముప్పై ఎనిమిది బోర్డులు ఎవరూ చూడనప్పుడు రాసిన చెయ్యి అది, ఒక్క అక్షరం వంకర పోలేదు.

ఇప్పుడు వణుకుతోంది. కుంచె కొన ఇంకా బోర్డు రేకుకి తగల్లేదు.